పగతో రాసిన గోల్స్ పుస్తకం

నా చిన్నప్పుడు ఐర్లండ్‌లో మా ఊరు కాజిల్‌బార్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళు రెండే. మాదొకటి, పక్కింటి అక్క వాళ్ళదొకటి. నాన్నలిద్దరూ ఆస్పత్రిలో డాక్టర్లు. అక్క ఊళ్ళో కాలేజీలో లెక్కలు చదివేది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఒకడుండేవాడు, గోల్స్ కొట్టడంలో మొనగాడు. డబ్లిన్ క్లబ్బు వాళ్ళు జీతమిచ్చి వాణ్ణి ఎగరేసుకుపోతారని ఊరంతా ఒకటే మాట.

ఒక శనివారం మ్యాచ్ జరుగుతుంటే వాన మొదలైంది. అమ్మ చీర మీద రెయిన్‌కోటు వేసుకుని, మైదానం అంచున నించుని, "తడిసిపోతావు, రావే తల్లీ" అని నన్ను కేకేసింది. వాడు ఆట ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అమ్మ గొంతుతో అదే మాట వంకరగా అరిచాడు. జనం విరగబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, పాపం. మళ్ళీ మైదానం వైపు మాత్రం రాలేదు. వీధిలో నన్ను తెలుగులో పిలవడమూ మానేసింది.

నా కడుపు మండిపోయింది. వాడి కాలు విరగాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆ సంగతి చెబితే అక్క నవ్వలేదు.

"ఊకె శాపాలు పెడితే ఏమొస్తదే? వాడు ఎవరి మీద గోల్ కొడ్తున్నడో రాసి పెట్టు" అంది. క్లబ్బు వాళ్ళు కాలేజీ గోల్స్ చూసి మోసపోరట. గట్టి జట్టు ఎదురైతే ఏం చేశాడని అడుగుతారట.

ఆ సీజనంతా రాశాను, క్లబ్బు మనిషికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో! వాడి గోల్స్ దాదాపు అన్నీ చేతకాని జట్ల మీదే. గట్టి జట్లు వచ్చిన రోజున గోలుండేది కాదు. కాని అప్పుడు వాడు వెనక్కి పరుగెత్తి, బంతి లాక్కుని పక్కవాళ్ళకు అందించేవాడు. అది నేను రాయలేదు. అక్క కనిపెట్టేసింది. "గదీ రాయి. నీకు నచ్చనిది దాస్తే నీ బుక్కు ఎవడు నమ్ముతడు?" అంది. పళ్ళు నూరుకుంటూ రాశాను.

క్లబ్బు మనిషి వచ్చిన రోజు పుస్తకం నేనే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఇక వీడి పని అయిపోయిందనుకున్నాను. ఆయన గోల్స్ పేజీలు గబగబా తిప్పేశాడు. నేను పళ్ళు నూరుతూ రాసిన వరుసల దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, "గ్రాండ్" అన్నాడు. గోల్స్ కొట్టేవాళ్ళు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, ఇలా వెనక్కి పరుగెత్తేవాడే మాకు కావాలని కోచ్‌తో చెప్పి, పుస్తకం నాకిచ్చేసి, వాడినే ఎంచుకున్నాడు.

ఇంటికొచ్చి అక్క మీద విరుచుకుపడ్డాను. అక్క తిన్నగా వాడి దగ్గరకు వెళ్ళి, నిన్ను గట్టెక్కించింది నువ్వు వెక్కిరించినావిడ కూతురే అని చెప్పి వచ్చింది. మర్నాడు వాడు మా గుమ్మంలో తలెత్తలేక నించున్నాడు. అమ్మ టీ ఇచ్చి క్షమించేసింది. నేను క్షమించలేదు. వాడు చెమటలు కక్కడం తలుపు సందులోంచి కళ్ళారా చూశాను. ఈ వయసులో కూడా అది తలుచుకుంటే నాకు తృప్తిగానే ఉంటుంది.

ఇప్పుడు డబ్లిన్ శివార్లలో చెర్రీవుడ్‌లో ఒక ఆఫీసుకు మనుషుల్ని ఎంచే పని నాది. కాలేజీ మార్కులు చూపించినవాళ్ళను, గట్టి పని ఎదురైతే ఏం చేశారని అడుగుతాను. గిట్టనివాడొస్తే వాడి మంచే ముందు రాస్తాను, పళ్ళు నూరుకుంటూనే. ఆ పుస్తకం మా వంటింటి ప్రెస్‌లో, అంటే గిన్నెల అలమరలో, ప్లేట్ల కింద ఉంది. అందులో వాడి గోల్స్ ఉన్నాయి, పాసులు ఉన్నాయి. చివరి పేజీలో అమ్మ మైదానానికి రాని శనివారాలు కూడా ఉన్నాయి. అవి మాత్రం తెలుగులో రాసుకున్నాను, అక్కకు కూడా చూపించకుండా.