గ్రేసమ్మ టీచరు చూపిన నీళ్లూ నేలలూ

సాల ఆకు డొప్పలో వేడి బఠానీల ఘుగ్ని పడగానే ఒక వాసన లేస్తుంది. బఠానీలదీ కాదు, మసాలాదీ కాదు. ఆవిరికి మెత్తబడిన ఆకు వదిలే పచ్చిచేదు వాసన. మొన్న మా ఖరగ్‌పూర్ ఖరిదా బజారులో డొప్ప చేతిలోకి తీసుకుని తినడం మరిచిపోయి నిలబడ్డాను. "దీదీ, ఠాండా హోయె జాచ్ఛే" అన్నాడు బండివాడు. చల్లారిపోతోందని అతని బాధ. నేనేమో మనసులో గ్రేసమ్మ టీచరు దగ్గరికి వెళ్లిపోయాను. అలాంటి ఆకునే క్లాసులో ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టి, "ఇది ఆకు కాదర్రా, అడివి. ఎండలు ముదరకముందే ఆకు రాల్చేసి నీరు దాసుకునే అడివి. రోజూ వాన కురిసే అడివిలో ఆకు కొన తోకలాగ సాగుంటాది, నీరు జారిపోడానికి. ఆకు సూస్తే ఆ ఊరి వాన తెలిసిపోవాల" అనేవారు.

అరవైల మొదట్లో నేను మా తెలుగు బడిలో టెంపరరీ టీచరుగా చేరాను. నాన్న రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు బాగుచేసేవాడు. పూరీ గేట్ దగ్గర క్వార్టర్సులో ఉండేవాళ్లం. గ్రేసమ్మగారిది భీమిలి వైపు. గార్డుగా పనిచేసే భర్తతో ఖరగ్‌పూర్ వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. బడిలో భూగోళం, ప్రకృతిశాస్త్రం ఆవిడవే. పుస్తకం చదివి పాఠం చెప్పేటప్పుడు శుభ్రమైన అచ్చు తెలుగు, పుస్తకం మూయగానే మా ఇళ్లలో మాట్లాడుకునే యాస. నేను చేరిన రోజునే, "ముందు నా క్లాసులో ఎనక కూసో. పాఠం తరవాత సెబుదువు" అన్నారు.

అలా వెనక కూర్చుని చూసిన మొదటి పాఠం మంచు గురించి. చేపలమ్మేవాళ్ల దగ్గర ఐసు ముక్క అడిగి తెచ్చి, అంటిన రంపపు పొట్టు కడిగి, నీళ్ల తొట్టిలో వేశారు. "తేలిందా, మునిగిందా?" అన్నారు. తేలిందని పిల్లలంతా అరిచారు. "మునిగుంటే?" అన్నారు. పిల్లలు తొట్టిలోకి వంగి చూశారు. "మునిగుంటే సలిదేశాల్లో సెరువులు అడుగు నించి గడ్డకట్టుకొచ్చును. సేపకి సోటేది? పైన తేలబట్టి ఐసు దుప్పటయింది, దాని కింద సేప బతికింది." నేను డిగ్రీ దాకా చదివాను. మంచు తేలుతుందని నాకూ తెలుసు. కాని ఆ తేలడం మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో ఆ రోజుదాకా ఆలోచించలేదు.

ఆవిడకు చూపు తగ్గుతోందని నాకు దసరా సెలవుల తరవాతే తెలిసింది. బడికి కొత్త ప్రపంచపటం వచ్చింది, పాతదానికంటే బాగా పెద్దది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. "ఇది సహారా. వాన మొహం ఎరగని సోటు" అంటూ పాత పటం అలవాటున ఆవిడ పెట్టిన వేలు సముద్రం మధ్యలో ఆగింది. పిల్లలు నవ్వలేదు. ఆవిడకు కనబడదని వాళ్లకు ముందే తెలిసినట్టుంది, అది చూసే నాకు భయం వేసింది. ముందు బెంచీలోని ఒక పిల్ల లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా ఎడారి మీదికి జరిపింది. గ్రేసమ్మగారు దాని తల నిమిరి, "పటం మార్చినారేటి?" అని మాత్రం అడిగి, ఒంటెల గురించి చెప్పుకుపోయారు. వరండాలో హెడ్‌మాస్టరు నిలబడి చూస్తున్నారు.

సాయంత్రం ఆయన నన్ను పిలిచి, "చూడమ్మా, ఇంక ఆవిడ వల్ల కాదు. భూగోళం నువ్వు తీసుకో. నీ పోస్టు పర్మనెంటు చేయిస్తాను" అన్నారు. నాకు ఇష్టం లేదని చెప్పి వచ్చేశాను. ఇంట్లో అమ్మ, "ఇంటికొచ్చిన ఉద్యోగం ఎవులైనా వొగ్గేసుకుంటారేటే?" అని కోప్పడింది. ఆ ఉద్యోగం నాకూ కావాలి. కాని ఆవిడ కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకోలేకపోయాను.

రెండు రోజులకు గ్రేసమ్మగారే, "వాల్తేరులో కంటి డాక్టరుకి సూపించుకోవాల. తోడొస్తావా సత్యా?" అన్నారు. తెల్లవారేసరికి మా రైలు చిలికా సరస్సు ఒడ్డున పోతోంది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

"నా క్లాసు నీకిస్తామంటే వొద్దన్నావట?"

"అవును టీచరుగారూ."

"ఎందికి? పిల్లలేటి పాపం సేసినారు?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ వెంటనే, "బయట ఏటి కనిపిస్తంది?" అన్నారు.

"నీళ్లండి."

"తెల్లగా నాకూ కనిపిస్తన్నాయి. నువ్వేటి సూస్తన్నావు?"

మళ్లీ చూశాను. "ఇటు ఒడ్డున రెల్లు ఒత్తుగా ఉంది. అటు దూరంగా రెల్లు లేదు, వలకర్రలున్నాయి."

"అదీ! రెల్లున్న కాడ ఏటినీరు కలస్తంది. దూరంగా ఉప్పు. ఆ రెండూ కలిసే కాడే రొయ్యపిల్లలు పెరుగుతాయి. ఇంకా?"

"బాతులు, లెక్కలేనన్ని."

ఆవిడ ముఖం వెలిగింది. "ఆళ్లది మంచుదేశం. ఏసవొస్తే అక్కడ పైమన్ను కరుగుతాది, అడుగుమన్ను గడ్డగానే ఉంటాది. నీరు ఇంకదు. ఎక్కడ సూసినా మడుగులు, దోమలు. ఆ పురుగూ పుట్రా తినిపించి పిల్లల్ని సాకి, సలికి ఇటొచ్చేస్తారు. నేను మంచు సూడనేదు, ఇక సూడను. ఆళ్లు సూసొచ్చినారు, సాలు."

కొండ అడ్డొచ్చి సరస్సు మరుగయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. చెప్పి చెప్పి నా గొంతు బొంగురుపోయింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "క్లాసు తీసుకో. నా మీద జాలితో వొద్దనకు. నా మాటలు అప్పసెప్పడానికైతే తీసుకోకు. సూసి సెప్పు" అన్నారు.

డాక్టరు నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నదైనా ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆవిడ చాలాసేపు ఏడ్చారు. ఆవిడ ఏడవగా చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. తరవాత మొహం తుడుచుకుని, "సముద్రం దగ్గరేనా?" అన్నారు. రిక్షాలో తీసుకెళ్లాను. చెప్పులు నా చేతికిచ్చి, మోకాళ్లు తడిసేదాకా అలల్లో నిలబడి, కాళ్ల కింద ఇసుక జారినప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వారు.

ఆ చలికాలం చివర ఆవిడ బడి మానేశారు. భూగోళం నాకు వచ్చింది. రోజూ సాయంత్రం ఖరిదాలో ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. పాఠం ఎలా చెప్పానని ఎప్పుడూ అడగలేదు. దారిలో ఏం చూశానని అడిగేవారు. ఒకసారి, "ఝపటాపూర్ చెరువు పక్కన ఖాళీ స్థలం ఉంది కదండీ" అని ఏదో చెప్పబోయాను.

"ఖాళీయా? ఎవులు సెప్పినారు?"

మర్నాడు వెళ్లి ఆ ఎర్రటి గరుగునేల మీద గొంతుక్కూర్చున్నాను. మొదట ఏమీ కనిపించలేదు. తరవాత పల్లేరు పువ్వు మీద ఈగ, చీమలబారు, రాయనుకున్న తొండ. తలమీద ఒక తీతువు గోలగోలగా అరుస్తూ తిరిగింది. ఎందుకా అని వెతికితే నా చెప్పుకు జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య, గులకరాళ్లలాంటి దాని గుడ్లు. ఇంకొక్క అడుగు వేసి ఉంటే తొక్కేసేదాన్ని. పరుగున వెళ్లి చెప్పాను. అప్పటికి ఆవిడకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. నా మాట వింటూ రెండు అరచేతులూ దోసిలి పట్టి, ఆ గుడ్లు తన చేతుల్లో ఉన్నట్టు కదలకుండా కూర్చున్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. రిటైరయ్యేదాకా ఎడారీ, సముద్రం, గడ్డినేలా, మంచునేలా అన్నీ పిల్లలకు చెప్పాను. వాటిలో నేను కళ్లతో చూసినవి తక్కువే. ఇప్పటికీ ఎవరైనా ఇల్లు కట్టుకోవాలని స్థలం చూపించి, "ఖాళీగా ఉందండీ" అంటే ఆ మాట నాకు ఎక్కదు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా కుచ్చిళ్లు దోపుకుని ముందు గట్టు మీద కూర్చుంటాను. అక్కడ ఎవరు కాపురముంటున్నారో చూసుకోనిదే లోపలికి అడుగు పెట్టను.