వానే అడుగత్తా

పొద్దున కిటికీ తీయగానే తడిసిన నల్లరేగడి వాసన కొట్టింది. కడుపు చల్లబడింది. లోపల టీవీలో ఒకమ్మాయి చెబుతోంది: అండమాన్ దగ్గర పుట్టిన వాయుగుండం మన తీరానికి వచ్చిందట, ఆ దీవుల చుట్టూ సముద్రం ఇంకా అల్లకల్లోలంగానే ఉందట, ఓడలు నడవడం లేదట. సంతోషించాలో భయపడాలో తెలియక కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ జబ్బు నాకు అంటించింది ఎస్తేరత్త.

కమలాపురం దగ్గర మా ఊరి చర్చిలో ప్రార్థన నడిపించేది ఆమే. కూలికి పోయివచ్చి, కాళ్లు కడుక్కుని, పాటల పుస్తకం పట్టుకునేది. మొగుడు పోయి, రెండెకరాల శనగతో ఒంటరిగా తడబడుతున్న నాకు విత్తే పదును చూడటం, పదిమందిలో నోరు విప్పడం నేర్పింది. ఆమె ఒక్కగానొక్క కూతురు రూతు అండమాన్‌లో ఓ చిన్న దీవిలో నర్సు. కాన్పుకు పుట్టింటికి రావాలంటే ముందు ఓడెక్కి పెద్ద ఊరు చేరాలి.

రూతుకు నెలలు నిండుతున్న ఆ ఏడు, శనగ విత్తాక చినుకు లేదు. మర్నాడు చర్చిలో వాన ప్రార్థన అనగా ఆమె ఇంటికి వెళ్లాను. రూతుతో మాట్లాడి అప్పుడే ఫోన్ పెట్టింది.

"అత్తా, రేపు గట్టిగా అడుగు. ఈ వాన రాకుంటే నా పని అయిపోయినట్టే" అన్నాను.

"మబ్బు ఆడ పుట్టాల, ఈడ కురవాల. సముద్రం పొంగితే ఓడ కదల్దంట మే. ఏమడగమంటావో నువ్వే చెప్పు" అంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రూతు గుర్తుండి కూడా, "వానే అడుగత్తా" అన్నాను.

వానే అడిగింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్క వానే. కూతురి పేరు ఎత్తుతుందేమోనని చివరిదాకా చూశాను. ఎత్తలేదు.

మూడోనాటికి వాన దిగింది. అక్కడ ఓడలు ఆగిపోయాయి. రూతుకు నొప్పులు ముందే వచ్చాయి. ఆ దీవిలో ఆపరేషన్ చేసే డాక్టరు లేడు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

నా చేను పచ్చగా లేచింది. ఆమె గడప తొక్కడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు. వారం తర్వాత ఆమే చేనికి వచ్చింది. "నేను అడగమన్నందుకే గదా అత్తా" అని ఏడ్చాను.

"మనం అడిగితే వచ్చేదా మే వాన? ఎర్రిదానా!" అని కసిరింది. మళ్లీ తనే, "ఏమో, అడిగితేనే వచ్చిందేమో గూడా" అంది. తర్వాత వంగి నా పక్కన కలుపు తీయడం మొదలుపెట్టింది. ఆమె నన్ను క్షమించిందో, నిందించిందో ఈనాటికీ తెలియదు.

ఆమె పోయాక వాన ప్రార్థన నన్నే నడిపించమన్నారు. చేను ఎండుతుంటే వాన అడగక ఎలా ఉంటాను? దానితోపాటే దీవుల్లో నెలలు నిండిన ఆడవాళ్లను కాపాడమనీ అడుగుతాను. "ఈమెకు అండమాన్ గోల ఎందుకప్పా" అని వెనక వరసలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ రెండింట్లో ఏది ముందు అడగాలో మాత్రం ఒక్క ఏడూ తేల్చుకోలేకపోయాను.