కృపాదానం గారి పలక

మా మాచర్ల కాంపౌండరు కృపాదానం గారికి లోకంలో ఒకే ఒక్క సంగతి కావాలి: ఈసారి పోయే పెద్దమనిషి ఎవరు? వానలు పడతాయా, మిరపకాయకి ధర వస్తుందా, సాగరు డ్యాము ఎప్పటికి లేస్తుంది లాంటి చిల్లర విషయాలన్నీ ఊరికి వదిలేశారు. మధ్యాహ్నం గుంటూరు రైల్లో పేపరు దిగగానే షౌకత్ టీ హోటల్లో అందరూ మొదటి పేజీ కోసం కొట్టుకుంటుంటే, ఆయన మాత్రం లోపలి పేజీ లాక్కుని, అడుగున చిన్నక్షరాల్లో 'అస్వస్థత' అన్న మాట ఎక్కడుందా అని వేలు పెట్టి వెతికేవారు. దొరికిందో, ఇక ఆయన ముఖం చూడాలి!

"పంతులూ! వీణ వరదాచారి గారు మళ్ళీ మంచమెక్కారయ్యోయ్!" అని వీధి అవతలున్న నన్ను కేకేసేవారు. పెళ్ళి కుదిరిందని చెప్పడానిక్కూడా ఎవరూ అంత సంబరంగా కేకెయ్యరు.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. యాభై ఆరులో బదిలీ మీద ఈ ఊరొచ్చాను. వచ్చిన మొదటి వారమే ఆయన నన్ను పట్టుకుని, "లెక్కలు తెలిసినోడివి, డెబ్భై తొమ్మిదేళ్ళు, ఉబ్బసం, మూడో పెళ్ళాం. ఎన్నాళ్ళంటావ్?" అని అడిగారు. అది మా నాన్నగారి గురించేమోనని హడలిపోయాను. తీరా చూస్తే ఎక్కడో మద్రాసులో ఉన్న ఒక దివాన్ బహద్దూరు గారి గురించి.

ఈ ఆటకి ఒక పలక ఉంది. అది నిజానికి షౌకత్ ఆ పూట ఏమున్నాయో రాసుకోవడానికి వేలాడదీసిన పలక. పై సగంలో ఉప్మా, బజ్జీ, సమోసా. కింది సగాన్ని కాంపౌండరు గారు ఎప్పుడో ఆక్రమించేసి, 'ఈసారి' అని రాసి, దాని కింద పెద్దమనుషుల పేర్లు, పక్కన ఎవరు ఎవరి మీద పందెం కాశారో రాసి పెట్టారు. ఒకసారి రెంటచింతల నుంచి వచ్చినాయన పలకంతా పైనుంచి కిందికి చదివి, "ఆ ఆఖర్న రాసింది కూడా ఒక ప్లేటు పట్రా అబ్బాయ్, అదేందో చూద్దాం" అన్నాడు.

"అది ఇంకా తయారవలేదండీ, కాస్త టైం పట్టుద్ది" అన్నాడు షౌకత్, ఏ మాత్రం తొణక్కుండా.

ఆటకి రూల్సు కూడా ఉన్నాయి. డెబ్భై దాటి ఉండాలి. పేరు పేపర్లో పడి ఉండాలి. మన ఊరివాళ్ళు పనికిరారు. ఇక గెలిచినవాడికి బహుమతేమిటంటే, పోయినాయనకి సంతాప సభ పెట్టి, ఉపన్యాసం తనే ఇవ్వాలి. అందుకని పలక మీద పేరు ఎక్కించిన రోజే ఉపన్యాసం రాసి జేబులో పెట్టుకోవాలని కాంపౌండరు గారి పట్టుదల.

"అంత తొందరేందండీ?" అన్నాను.

"మనిషి పోయింతర్వాత రాస్తే అన్నీ అబద్ధాలే వస్తయ్ పంతులూ. బతికుండగా రాస్తే కాస్త జాగ్రత్తగా రాస్తాం."

విచిత్రం ఏమిటంటే, ఇంత ఆట నడిపే మనిషికి నేనొచ్చిన ఐదేళ్ళలో ఒక్కటంటే ఒక్క పేరు తగల్లేదు. పత్తి దళారీ చెన్నకేశవులు ఐదు సభలు పెట్టేశాడు. నేను కూడా ఒకటి పెట్టాను, ఒక రిటైరు జడ్జీ గారికి. కాంపౌండరు గారు రాసిన వాళ్ళు మాత్రం పోవడం అటుంచి, గట్టిపడేవాళ్ళు. పక్షవాతంతో పడిపోయిన వీణ వరదాచారి గారి పేరు ఈయన రాశారు. మూడు నెలలు తిరక్కుండా ఆయన బెజవాడలో మూడు గంటలు కచేరీ చేశారు. గుండెపోటు వచ్చిన ఒక మాజీ మంత్రిని రాశారు. ఆయన మంచం దిగి, ఎలక్షన్లో నిలబడి, గెలిచి, మళ్ళీ మంత్రయ్యారు. ఇక మూడో పెళ్ళాం ఉన్న దివాన్ బహద్దూరు గారికైతే ఏకంగా కొడుకు పుట్టాడు.

"నీ చెయ్యి మరీ ఇంత చల్లటిదేంది కృపాదానం బావా!" అని చెన్నకేశవులు నవ్వేవాడు.

"నా ఖర్మ" అని ఈయన టీ చప్పరించేవారు.

ఈ సంగతి ఊరూరా పాకింది. ఒకరోజు ఈపూరు వైపు నుంచి ఒక రైతు బండి కట్టుకుని వచ్చి, కండువా చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు.

"అయ్యా, మా నాయన పేరు కూడా మీ పలక మీద ఎక్కించండి. చానా నీరసపడ్డాడు."

"మీ నాయన పేరు ఎప్పుడన్నా పేపర్లో పడిందా?"

"పడిందండీ. పదేళ్ళ కింద, గట్టు తగాదాలో తలకాయలు పగిలినప్పుడు."

"ఎవరి తలకాయ?"

"అవతలోడిదేనండీ" అన్నాడు రైతు కాస్త గర్వంగా.

రూలు ప్రకారం సరిపోయింది కదా! ఎక్కించక తప్పలేదు. ఆ ముసలాయన ఇప్పటికీ నాగలి పట్టుకుంటున్నాడని విన్నాను.

చర్చి పాస్టరు గారికి ఈ వ్యవహారం సుతరామూ నచ్చలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందూ, "కృపాదానం, ఇది పాపమయ్యా! ప్రాణాలతో ఆటలేంది?" అని దులిపేశారు. కాంపౌండరు గారు తల వంచుకుని అన్నీ విన్నారు. జనం వెళ్ళిపోయాక పాస్టరు గారు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "గుంటూరులో మా పెద్దయ్యగారికి ఒంట్లో అస్సలు బాగుండట్లేదు. చిన్నక్షరాలతోనన్నా రాయగూడదూ?" అన్నారు.

ఇదిలా ఉండగా మా ఆటకి ఒక శత్రువు తయారైంది. ఆవిడే మీసాల అలివేలమ్మ గారు.

అలివేలమ్మ గారు ఒకప్పుడు స్టేజి మీద రాజు వేషాలు కట్టిన మనిషి. మీసం పెట్టి, గద భుజాన వేసుకుని వస్తే మగ నటులు పక్కకి తప్పుకునేవారట. యముడి వేషానికి మరీ పేరు. రంగూన్ దాకా వెళ్ళొచ్చారు. సినిమాలు వచ్చాక నాటకాలు మూతబడి, కంపెనీ చెదిరిపోయి, డెబ్భై రెండేళ్ళ వయసులో స్టేషను వెనక ఒక గదిలో ఉండేవారు. పక్కింటి కుల్సుం ఇంత అన్నం పెడుతూ కనిపెట్టుకుని ఉండేది. ఆవిడ రోజూ సాయంత్రం కర్ర పొడుచుకుంటూ హోటలు ముందుకొచ్చి, పలక చదివి, మా మీద విరుచుకుపడేవారు.

"నా పేరేదిరా?"

"ఊరివాళ్ళని రాయంగదమ్మా" అనేవారు కాంపౌండరు గారు.

"నేను ఊరిదాన్నేందిరా? రంగూన్లో నా బొమ్మ గోడల మీద అతికించారు! ఎవడో వీణ వాయించుకునేవాడు గొప్పోడూ, నేను కాదూ? నేను పోతే పేపర్లో వెయ్యరా?"

"వేస్తారమ్మా, ఎందుకు వెయ్యరు?"

"అయితే రాయి!"

ఆయన మాత్రం రాయలేదు. మూడేళ్ళు ఆవిడ అడగడం, ఈయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చోవడం. ఆ ఒక్క విషయంలో అంత మొండితనం ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు.

అరవై ఒకటి వానాకాలంలో ఆవిడకి జ్వరం పట్టుకుంది. పన్నెండు రోజులు కాసింది. జ్వరం దిగిపోయింది గాని, మనిషి లేవలేదు. అన్నం వద్దన్నారు. మందు పోస్తే ఉమ్మేశారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. డాక్టరు గారు వచ్చి చూసి, "రోగమేం లేదయ్యా. తినకపోతే మాత్రం నాలుగైదు రోజులు మించి ఉండదు" అని వెళ్ళిపోయారు. కుల్సుం చెంగుతో కళ్ళొత్తుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

"నేనెవరికి కావాలే, నా పేరెవరికి తెలుసే అంటంది. ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి లేదు. మీరే ఏదోటి చెయ్యండి."

నేను కాంపౌండరు గారి మీద కోపంగా వెళ్ళాను. ఆయన ఆసుపత్రి వరండాలో మిక్చరు సీసాలు కడుగుతున్నారు.

"ఆవిడ అడిగింది ఒక్క పేరేగదండీ! రాస్తే మీ సొమ్మేం పోయింది? మీరు రాస్తే బతుకుతారని ఊరంతా అంటోంది కూడాను."

ఆయన చేతిలో సీసా ఆగిపోయింది.

"ఊరికేం తెలుసు పంతులూ! ఇరవై ఎనిమిదేళ్ళబట్టి మందు కలుపుతున్నా. రోగం గురించి పేపరోడు రాసిన నాలుగు ముక్కలు చూస్తే లేచేవాడెవడో పోయేవాడెవడో నాకు తెలిసిపోద్ది. లేచేవాళ్ళనే రాశా. పోయేవాళ్ళ పేరు ఒక్కనాడూ రాయలా."

"మరి ఈ ఆటెందుకండీ?" అన్నాను.

"ఇక్కడికొచ్చే ప్రతి ముసలోడూ పోతానా పోతానా అని నా చెయ్యి పట్టుకుంటాడయ్యా. 'ఒరేయ్, ఆ మంత్రిగారూ ఇట్టాగే అన్నాడు, పలక మీద మూడేళ్ళబట్టి ఉన్నాడు, పోయి చూసుకో' అంటా. చూసొచ్చి మందు తాగుతాడు."

"అలివేలమ్మ గారి సంగతి?"

ఆయన గొంతు తగ్గిపోయింది. "అదే తెలియట్లా. లేస్తదో లేవదో నాకు మొదటిసారి తెలియట్లా. రాసింతర్వాత ఆమె పోయిందనుకో, ఇక నేను ఆ పలక మొహం చూడగలనా?"

అంత భయం ఆయన కళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. చేతులు తుడుచుకుని తిన్నగా హోటలుకి నడిచారు. సుద్దముక్క తీసుకుని, పలక మీద అన్ని పేర్లకీ పైన 'అలివేలమ్మ' అని పెద్దక్షరాలతో రాశారు. చెన్నకేశవులు రూలు గురించి ఏదో అనబోయాడు గాని, షౌకత్ వాడి నోట్లో బజ్జీ కుక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన కాగితాలు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆవిడ గదికి వెళ్ళారు. మంచం పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, పేరు రాశాను. ఇక రూలు ప్రకారం ఉపన్యాసం కూడా రాశా. ఒకసారి చదివి చూసుకుంటా. 'ఈ ఊరి ముద్దుబిడ్డ, చెలికత్తె వేషాలకు పెట్టింది పేరైన అలివేలమ్మ గారు ఇక లేరని తెలిపేందుకు...'"

మంచం కిర్రుమంది.

"ఎవర్రా చెలికత్తె?"

"తమరేనమ్మా. పూలసజ్జ పట్టుకుని..."

"పూలసజ్జా! నేనా! యముడి వేషం కట్టినదాన్నిరా నేను! ఒసేయ్ కుల్సుం, గొంతు లేవట్లేదే. ఆ జావ ఇటివ్వు, వీడి సంగతి చెప్పాలి."

అరగిన్నె జావ తాగి ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. బయటికొచ్చాక నేను కాంపౌండరు గారిని కోప్పడ్డాను. "ఆవిడ ఏనాడూ చెలికత్తె వెయ్యలేదండీ! అంత తెలియకపోతే ఎలా?"

"నాకు తెలియకేం పంతులూ? పదేళ్ళప్పుడు ఆమె యముణ్ణి చూసి భయపడి నాలుగు రోజులు జ్వరం పడ్డా. రేపేం తప్పు చదవాలో ఆలోచించు."

రెండో రోజు, వినుకొండలో పద్యం మధ్యలో ఆవిడ మీసం ఊడిపడిందని చదివారు.

"ఊడింది నాది కాదురా, సేనాధిపతి వేషంవాడిది! నేనే పద్యం ఆపకుండా వాడి మీసం వాడికి అంటించా! రాయి!" గిన్నెడు జావ ఖాళీ. మూడో రోజు శ్రుతి తప్పేవారని చదివారు. ఆవిడ లేచి కూర్చుని, పాడి, దగ్గు వచ్చి, "ఈ మందు గొంతుకి మంచిదేనా?" అని అడిగి మిక్చరు తాగేశారు. అయిదో రోజుకి అన్నం. పది రోజులకి మా తప్పులన్నీ అయిపోయాయి. ఆవిడే గోడకానుకుని చెబుతుంటే నేను రాసుకునే పరిస్థితి వచ్చింది. ఉపన్యాసం పదహారు పేజీలైంది.

ఆ తర్వాత ఒక పేచీ పెట్టారు. "ఇంత రాసి, నేను పోయాక చదువుతారా? మీరు తప్పు చదివితే దిద్దేదెవరు? నేనుండగానే కానియ్యండి."

ఆదివారం మధ్యాహ్నం షౌకత్ హోటల్లో అలివేలమ్మ గారి సంతాప సభ జరిగింది. మీసంతో ఉన్న ఫొటోకి దండ వేశాం. ఫొటో కింద కుర్చీలో, పట్టుచీర కట్టుకుని ఆవిడ కూర్చున్నారు. వీధి వీధంతా వచ్చింది. కృపాదానం గారు పదహారు పేజీలు చదువుతుంటే ఆవిడ పదిసార్లు ఆపి, పద్యాలు తనే పాడి వినిపించారు. జనం చప్పట్లకి పై రేకులు అదిరాయి.

చివర్లో సభాధ్యక్షుడు చెన్నకేశవులు ఐదు సభల అలవాటు కొద్దీ, "ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అనేశాడు. అనేశాక నాలుక్కరుచుకున్నాడు గాని, అప్పటికే అందరూ లేచి నిలబడ్డారు. తనొక్కతే కూర్చోవడం మర్యాద కాదనుకున్నారేమో, అలివేలమ్మ గారు కూడా కర్ర పట్టుకుని లేచారు.

ఒక నిమిషం గడిచింది. పక్కనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. చూస్తే కృపాదానం గారు కాగితాలు గుండెకి పెట్టుకుని, చిన్నపిల్లాడిలా కన్నీళ్ళు కారుస్తున్నారు.

"ఏందిరా ఆ ఏడుపు?" అన్నారు ఆవిడ మెల్లిగా. "ఇక్కడే ఉన్నాగా!"

"అందుకేనమ్మా" అన్నారాయన.

ఆవిడ ఆయన వంక కాసేపు చూసి, "సరే, ఇంకా ఒక నిమిషం ఉందిగా, ఏడువు" అని, తల వంచుకుని మళ్ళీ మౌనం పాటించారు.