అమావాస్య సెలవు

నా క్లినిక్ నెలకు ఒక రోజు మూసేస్తాను, అదీ అమావాస్య నాడు. ఆదోనిలో పిచ్చి డాక్టరమ్మ అమావాస్యకు షట్టర్ దించడమంటే ఉరుకుంద తిరునాళ్ళ రోజున బస్టాండు మూసేసినట్టే. మా వైపు పల్లెల్లో, మనసు బాగాలేని మనిషికి ఆ రోజు జబ్బు ఎక్కువవుతుందని గట్టి నమ్మకం. అందుకే ఆ రోజు చూసుకుని మరీ తీసుకొస్తారు. చిప్పగిరి వైపు నుంచి, నందవరం వైపు నుంచి పొద్దున్నే ఆటోలు వచ్చి మా వీధిలో ఆగేవి. పిచ్చి డాక్టరమ్మ అనే పేరులో పిచ్చి ఎవరికో తేలదు గాని, నాకు ఆ పేరు మీద కోపమైతే లేదు.

నాలుగేళ్ళ కిందట ఈ పద్ధతి పెట్టినప్పుడు ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. ఇప్పుడు ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు సలహా కోసం నా దగ్గరికొస్తే, మిగతావన్నీ తర్వాత, ముందు నీ సెలవు ఏ రోజో చెప్పమంటాను. నాకు సెలవే ఉండదు మేడమ్ అని గొప్పగా అంటే ఒళ్ళు మండుతుంది. ఆ గొప్ప నేనూ చెప్పుకున్నదాన్నే.

మాది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. అమావాస్య అంటే మా నాన్న గుమ్మడికాయ పగలగొట్టి, కొట్టుకు హారతి ఇచ్చి, మామూలుకంటే ముందే తెరిచే రోజు. గడప తొక్కిన మనిషిని తిప్పి పంపకూడదనేది ఆయన నియమం. జ్వరంతో ఉన్నా కొట్టులో బొంత కప్పుకుని కూర్చునేవాడు. నేను డాక్టరు చదివి ఊరికి తిరిగొచ్చి, పత్తి బోరాల బదులు మనుషులను పెట్టుకుని కూర్చున్నాను. నియమం మాత్రం అదే. ఎంతమంది వచ్చినా చూసేదాన్ని. ఆదివారం ఇంటికొచ్చినవాళ్ళను వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. అలా పదహారేళ్ళు.

తర్వాత ఏమైందో చెప్పడం కష్టం, ఎందుకంటే పైకి ఏమీ కాలేదు. నేను మంచాన పడలేదు, పని మానలేదు. ఎదుట కూర్చున్నవాళ్ళు ఏడుస్తుంటే వాళ్ళ భుజం మీదుగా గోడగడియారం చూడటం అలవాటైంది, అంతే. సరైన చోట ‘ఊఁ’ అనేదాన్ని, సరైన చోట తల ఊపేదాన్ని. ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదని మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. ఆ కూర వండింది నేనే.

తమాషా ఏమిటంటే ఈ అవస్థ నాకు కొత్త కాదు. నర్సులకు, కౌన్సెలర్లకు జరిగే శిక్షణ తరగతుల్లో దీని మీద గంటసేపు పాఠం చెప్పేదాన్ని. పరాయి బాధలు మోసీ మోసీ మనసు ఎలా మొద్దుబారుతుందో, ఎలా గుర్తుపట్టాలో తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించేదాన్ని. పాఠం బాగా చెబుతానని పేరు కూడా ఉండేది. అదంతా పాఠం వినేవాళ్ళకు వచ్చే జబ్బనుకున్నాను గాని, చెప్పేవాళ్ళకు వస్తుందనుకోలేదు.

ఆ రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి నేతపని చేసే ఒకామె వచ్చేది. యాభై దాటి ఉంటాయి. భర్త పోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని, గుండె మీద రాయి పెట్టినట్టుందని వచ్చింది. ప్రతి అమావాస్యకూ వచ్చేది. ఆ రోజు జబ్బు పెరుగుతుందని కాదు. వాళ్ళ ఇంట్లో అమావాస్యకు మగ్గం ఎక్కరు. నెలలో ఆమెకు తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. పొద్దున బస్సెక్కి వచ్చి, బెంచీ చివర కూర్చుని, తన వంతు వచ్చేదాకా పక్కవాళ్ళ చీరల అంచులు చూస్తూ ఉండేది. నచ్చని అంచు కనిపిస్తే ముఖం తిప్పుకునేది.

ఒక అమావాస్య నాడు ఆమె వంతు వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. ఆమె లోపలికి వచ్చి కుర్చీ జరుపుకుంటోంది. నేను తలెత్తకుండా ఫైలు తీసి రాస్తున్నాను. రాయడం అయ్యాక, “చెప్పక్కా, ఎట్లున్నావు?” అన్నాను.

ఆమె నా చేతిలోని కలం వైపు చూసింది.

“నేనింకా నోరు తెరవలేదు కదమ్మా. ఏం రాసినావు?”

డాక్టర్లకు ఉండే ధీమా ఉంటుంది కదా, రాసింది తెలుగులో చదివి వినిపించాను. నిద్ర తక్కువ. ఆకలి పరవాలేదు. గుండె బరువు అలాగే ఉంది. పాత మందులే.

ఆమె పద్ధతిగా మొత్తం విని, “పోయిన నెల ఏం రాసినావు?” అంది.

పేజీ వెనక్కి తిప్పాను. అవే మాటలు, అదే వరసలో. ఆ ముందు నెలా అవే. నేను చదవలేదు గాని, నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయింది.

“అట్లయితే నేను రాకున్నా జరుగుతాదిలేమ్మా,” అంది. కోపంగా అనలేదు. లెక్క సరిపోయినట్టు అంది. మందుల చీటీ తీసుకుని వెళ్ళిపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు బాధ కలగలేదు. ఈమె తొందరగా అయిపోయింది, పది నిమిషాలు మిగిలాయి అనుకున్నాను. తర్వాతి వాళ్ళను పిలిచాను.

టోకెన్లు ఇచ్చే ఆయమ్మ మా క్లినిక్‌లో నాకంటే పెద్ద మనిషి, వయసులోనూ పెత్తనంలోనూ. అన్నం తినేటప్పుడు ఆమె అంది, “ఎమ్మిగనూరు ఆయమ్మ ఏం సెప్పింది మేడమ్? ఈపొద్దు డాక్టరమ్మకు ఒక మాట సెప్పాల, యాన్నుంచో లోపల పెట్టుకోనుండా అని పొద్దున్నుంచి నాతో అంటాండె. నాకు సెప్పు అంటే, నీకు కాదు అనింది.”

ఆ మాట ఏమిటో నాకు తెలియదు. తెలుసుకునే వీలు నా ఎదురుగా వచ్చి కూర్చుంటే, కలంతో దాని నోరు మూసేశాను. వచ్చే అమావాస్యకు ఆమె వస్తుంది కదా, అప్పుడు అడుగుతాను అని సర్దిచెప్పుకున్నాను.

వచ్చే అమావాస్యకు ఆమె రాలేదు. ఆయమ్మ ఆమె ఊరి పేరుతో రెండుసార్లు పిలిచి, “రాలేదు మేడమ్” అంది. నెల రోజులు ఆమె కోసం ఎదురుచూశాననుకున్న నాకు, ఆ మాట వినగానే హాయిగా అనిపించింది. ఒక మనిషి తగ్గింది అని. ఆ హాయికి నేను భయపడ్డాను. నిద్ర పట్టని మనిషి, లోపల ఏదో దాచుకున్న మనిషి, నా మాటకు విరక్తి పుట్టి రావడం మానేస్తే నాకు హాయిగా ఉందా? పాఠంలో ఆఖరున చెప్పే లక్షణం ఇదే. బొమ్మ కూడా ఉంది.

అయినా పత్తి వ్యాపారి కూతుర్ని, ఉన్నవాళ్ళను వదిలేసి లేవలేకపోయాను. అందరినీ చూసేసరికి మూడు దాటింది. ఫైలులో ఉన్న వీధి పేరు చూసుకుని బస్టాండుకు వెళ్ళాను. అమావాస్యకు ఉరుకుంద గుడికి పోయే జనంతో అడుగు పెట్టే చోటు లేదు. దొరికిన బస్సులో నిలబడి ఎమ్మిగనూరు చేరాను. దారి పొడుగునా ఆమెకు ఏమైనా అయి ఉంటుందా అనే దిగులు తప్ప ఇంకో ఆలోచన లేదు.

ఆ వీధిలో మగ్గాల చప్పుడు లేదు. అరుగుల మీద ఆడవాళ్ళు తలలు ఆరబెట్టుకుంటున్నారు. ఆమె ఇంటి ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది గాని, పెద్దగా ఆశ్చర్యపోలేదు.

“నా మందులు అయిపోయినాయని వచ్చినావామ్మా?” అంది.

“నేనే నీతో మాట్లాడదామని వచ్చినానక్కా. ఆ పొద్దు తప్పు చేసినాను. ఏదో చెప్పాలని వచ్చినావంట, నేను విననే లేదు.”

ఆమె లోపలికి పిలిచి, టీ పెట్టి ఇచ్చింది. గదిలో సగం చోటు గుంట మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేది. దాని మీద పాత పంచె కప్పి ఉంది. మగ్గానికి చాచి కట్టిన పడుగు దారాలు ఆ పంచె కింద కొంచెం వేలాడుతున్నాయి.

“ఇవి వదులుగా ఉన్నాయేం?” అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

“ఈపొద్దు దించిపెడతాం. మా నాయన కాడ నేర్సుకున్నా. దినమూ బిగించే ఉంటే దారం తెగదమ్మా, బాగానే కనపడతాది. దాంట్లో సాగే గుణం పోతాది. ఆమైన ఎంత బాగా నేసినా గుడ్డ పీలగా వస్తాది.” గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “నీకు సెలవు ఏ దినం?”

ఆదివారం అనబోయి ఆగాను. వంటింటి పీట గుర్తొచ్చింది. లేదని చెప్పాను.

“అమావాస్య మూసెయ్.”

“అయ్యో, ఆ పొద్దే కదక్కా జనం ఎక్కువ.”

“ఏం, ఆపొద్దు నిజంగానే ఎక్కువయితాదా జబ్బు?”

పదహారేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ, చంద్రుడికీ మీ పిల్లాడి జబ్బుకూ సంబంధం లేదని చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నాను. చెబుతూనే అమావాస్య నాడు గంట ముందే తెరిచేదాన్ని. వాళ్ళు నా నోటిని నమ్మాలా, నా షట్టర్‌ను నమ్మాలా? అక్కడే కూర్చుని పడీ పడీ నవ్వాను. అంతలా నవ్వి ఎన్ని నెలలైందో గుర్తులేదు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

“మరి నువ్వెట్ల వస్తావక్కా? నీకు ఆ దినమే కదా తీరిక.”

“మర్నాడు వస్తాలే. ఒకపూట మగ్గం నిలబడితే ఏమయితాది.”

నా సెలవు కోసం ఆమె తన పనిరోజు వదులుకుంటానంది. చెప్పాలనుకున్న మాట మాత్రం ఆ సాయంత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు ఇంకా తిరిగి సంపాదించుకోలేదని నాకు తెలుసు.

క్లినిక్ ముందు బోర్డు రాయించాను. అమావాస్య సెలవు, ప్రాణం మీదికి వస్తే ఫలానా నంబరుకు ఫోన్ చేయండి అని. మా నాన్న వచ్చి దాన్ని రెండుసార్లు చదివి, “గుమ్మడికాయ నేను పంపిస్తాలే, తెరువు” అన్నాడు. తెరవను నాన్నా అన్నాను. ఆయన మాట కాదనడం నాకది మొదటిసారి. తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రం గుమ్మడికాయ పంపాడు, దాన్ని కూర వండుకున్నాం.

ఆ మొదటి సెలవు నాడు నేనేమీ గొప్పగా గడపలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. రెండుసార్లు షట్టర్ దాకా వెళ్ళి వచ్చాను. బోర్డు ముందు నిలబడి ఎవరో నన్ను తిడుతుంటే వీధి మలుపులో నుంచి విన్నాను. మధ్యాహ్నం మాత్రం మూడు గంటలు ఒళ్ళెరగని నిద్ర పట్టింది. లేచేసరికి చెంప మీద చాప గీతలు ఉన్నాయి.

మర్నాడు మొదటి టోకెన్ ఆమెదే. ఆయమ్మ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. నేను కలానికి మూత పెట్టి సొరుగులో వేశాను. ఫైలు తెరవలేదు. గోడగడియారం నా వెనక్కి మార్పించాను, బోర్డుతో పాటే చేయించిన మంచి పని అది.

ఆమె కొంగు అంచు పట్టుకుని కూర్చుంది. తర్వాత చెప్పింది.

“మా ఇంటి ఆయప్ప మంచంలో ఉన్నెడు. నేను మగ్గం మీద ఉన్నా. పోగు తెగింది, అతుకుతాండా. నీళ్ళు అన్నెడు. వస్తాండా ఉండు అంటి. కాళ్ళు గుంటలో ఉండె, ఎక్కి పోతే మళ్ళా ఆ పోగు దొరకదని. మళ్ళా అడిగినాడు. మళ్ళా అడిగినాడు. ఆమైన ఇంక అడగలేదు. నిద్రపోయినాడేమో అనుకుంటి.” చేతిలోని కొంగు వదిలేసింది. “నాకు ఇనపడలేదని అందరికీ సెప్పినా. పిల్లోల్లకు కూడా. ఇనపడిందమ్మా. మూడుసార్లూ ఇనపడింది.”

ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు నాకు చాలా వచ్చు. ఒక్కటీ నోటికి రానివ్వలేదు. నా గుండెల్లో ఎక్కడో పట్టుకున్నట్టు నొప్పి పుట్టింది. అలా నొప్పి పుట్టి ఎంతకాలమైందో, పోయిందనుకున్న వస్తువు ఇంట్లోనే దొరికినట్టు ప్రాణం లేచి వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు ఆమె చూసింది. చూసి, తను ఏడవడం మొదలుపెట్టింది. ఇద్దరం ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు, గడియారం నా వెనక ఉంది.

ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు ఎండింది. ముఖం తుడుచుకుని, “నీళ్ళుంటే ఇన్ని ఇయ్యమ్మా” అంది.

ఒక్కసారే అడిగింది. ఆయమ్మను పిలవకుండా నేనే లేచాను.