బోనాలకని కడిగిన గది

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి వాన నీళ్లు వచ్చిన సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. తెలుసని అనుకుంటారు. ఏ పెళ్లిలోనో నలుగురు చేరితే చాలు, ఆ కథ బయటికి వస్తుంది. ఇన్సూరెన్సు సారు రాకముందే మా పెద్దమ్మ ఇల్లంతా కడిగేసి, క్లెయిమును కూడా మోరీలో పారబోసిందని చెప్పుకుని నవ్వుతారు. నేనూ నవ్వాను. పెళ్లయిన కొత్తలో నా భార్యకు ఆ కథ నటించి మరీ చూపించాను. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ కథలో నిజం సగమేనని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు పటాన్‌చెరు దగ్గర ఒక పల్లపు వీధిలో ఉండేది. నాన్న బొల్లారంలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. పెదనాన్న పోయాక పెద్దమ్మ మాతోనే ఉండిపోయింది, ఇంటి పెత్తనమంతా ఆమెదే. రేకులు తీసి స్లాబు వేయడానికి నాన్న బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు, ఇంటికీ సామానుకూ కలిపి ఇన్సూరెన్సు చేయించారు. దాంతో ఎప్పుడైనా పని పడుతుందని ఎవరమూ అనుకోలేదు.

ఆ ఆషాఢంలో అమ్మ పుట్టింటికి జిన్నారం వెళ్లి ఉంది. ఆగకుండా కురిసిన వానకు మోరీలు పొంగి, తెల్లారేసరికి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. పొద్దెక్కాక నీళ్లు తీశాయి. బురద మాత్రం మిగిలింది, దానితోపాటు మందుల ఫ్యాక్టరీల నుంచి మోరీల్లో కొట్టుకొచ్చిన, ముక్కు పగిలే వాసన. లోపలి గదిలో నాన్న ఎంతో ముచ్చటపడి చేయించిన చెక్క బీరువా, దివాను నాని ఉబ్బిపోయాయి. పరుపులు, బొంతలు పిండితే నల్లనీళ్లు కారాయి.

నాన్న గడపలోనే నిలబడి, "వదినా, ఏదీ ముట్టకు. ఎట్లున్నది గట్లనే ఉండాలె. సారొచ్చి కండ్లతోని చూస్తెనే పైసలిస్తరు" అని చెప్పి, ఇన్సూరెన్సు ఆఫీసుకని సంగారెడ్డి బస్సెక్కాడు. "నేనెందుకు ముడ్త తమ్మీ" అంది పెద్దమ్మ. బురద చూస్తే చెయ్యి ఆగని మనిషి ఆమె. అందుకే లోపలికి చూడకుండా, వీధివైపు తిరిగి అరుగు మీద కూర్చుంది.

అలా కూర్చోవడం వల్లే పక్కింటి అక్క ఆమె కంటపడింది. అక్కవాళ్లు కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి మా పక్క వాటాలో కిరాయికి ఉండేవాళ్లు. తల్లి లేని మనిషి, పురుడు కూడా ఇక్కడే పోసుకుంది. పాపకు ఇంకా నెల నిండలేదు. వాళ్ల వాటా మాకంటే పల్లం, అందులో నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. రాత్రి డ్యూటీకి వెళ్లిన ఆమె భర్త ఇంకా రాలేదు. అక్క ఎదురింటి మెట్ల మీద కూర్చుని పాపను కొంగులో చుట్టుకుంది. తుంపర పడుతూనే ఉంది. ఏడ్చి ఏడ్చి పాప గొంతు పోయింది. కాసేపటికి ఏడుపు ఆగి దగ్గు మొదలైంది.

పెద్దమ్మ లేచి కొంగు బొడ్లో దోపింది. "చీపురు పట్టుకరా బిడ్డా."

"నాన్న ముట్టొద్దన్నడు గద పెద్దమ్మా!"

"సారొచ్చేదాక దగ్గకుండ ఉండుమని గా పసిగుడ్డుకు పోయి చెప్తవా? చెప్పిరాపో."

నేను చీపురు తెచ్చాను.

మేము కడిగింది ఇల్లంతా కాదు, లోపలి గది ఒక్కటే. ముందు గదినీ వంటిల్లునూ పెద్దమ్మ వేలితో కూడా ముట్టలేదు. ఆ వాసన పసిపిల్లకు పడదని ఉబ్బిన సామాను, పరుపులు వీధిలో పోతున్న పాత సామాను బండివాడికి ఎత్తించింది. ఉప్పునీళ్లతో నేల రుద్దింది. కుంపటి రాజేసి గది ఆరబెట్టి, వేపాకు పొగ వేసింది. బోనాల కోసం తెచ్చి అటక మీద పెట్టిన సున్నం గోడలకు పూసింది. అప్పుడు వెళ్లి అక్కను పిలిచింది.

"మీ ఇల్లూ తడిసిపోయింది కదండీ. మా కోసం మీకెందుకండీ ఈ శ్రమంతా?" అంది అక్క, లేవకుండానే.

"నీ కోసం ఎవరు చేసిండ్రే? బోనాలొస్తున్నయ్, సున్నమెయ్యాలెనని కడిగిన. రూము ఖాళీగ పడి ఉన్నది. జల్దీ రా, పోరి నానుతున్నది." అలా అంటూ పెద్దమ్మ నావైపు ఒక చూపు చూసింది. నోరు తెరవొద్దని దాని అర్థం.

సాయంత్రం వచ్చిన నాన్నకూ అదే మాట చెప్పింది. ఆయన నమ్మాడు. బోనాలకు ముందు ఇల్లు కడిగి సున్నం వేయని ఆడమనిషి మా వైపు లేదు, అందులోనూ పెద్దమ్మ. "బోనాలు ఏడికన్న ఉరికిపోతున్నయా వదినా?" అని తల పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత నష్టం చూసి రాసుకునే సారు వచ్చాడు. మంచివాడే. ముందు గదిలో గోడ మీది నీటి మరక కొలిచాడు, టీవీ తెరిపించి చూశాడు. లోపలి గది గుమ్మంలో మాత్రం ఆగిపోయాడు. తెల్లటి గోడలు, చీర ఉయ్యాలలో పాప, చాప మీద అక్క.

"అన్నీ అలాగే ఉంచి ఇదొక్కటే ఎందుకు కడిగారమ్మా? తప్పనిసరి అవసరం ఏదైనా ఉంటే చెప్పండి, అదే రాస్తాను. లేకపోతే ఈ గదికి నేనేం రాయలేను."

ఒక్క మాట చెబితే నాన్న బీరువా, దివాను తిరిగి వచ్చేవి. నాన్న ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అక్క ఉయ్యాల ఊపడం ఆపి వింటోంది. "సార్, అదీ..." అని నేను మొదలుపెట్టాను.

"నువ్వు పోయి సార్‌కు చాయ్ చెప్పిరాపో" అని నన్ను తోసి, పెద్దమ్మ ఆయనవైపు తిరిగింది. "బోనాలు సార్. అమ్మవారి పండుగకు ఇల్లు గబ్బు పట్టి ఉంటదా?"

ఆయన నవ్వి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ముందు గదికి మాత్రమే డబ్బు వచ్చింది. చాలాకాలం చాపల మీదే పడుకున్నాం. నాన్న ఆమెతో మాట్లాడటం తగ్గించాడు. చుట్టాలకు నవ్వుకోవడానికి ఒక కథ దొరికింది.

అబద్ధం ఎందుకు చెప్పావని ఆ రోజే వంటింట్లో అడిగాను. ఆమె పొయ్యి ఊదుతూ, "బాలింతరా. తన తోటి మనకు గింత లుక్సానైందని తెలిస్తే ఆ పిల్లకు మన ఇంట్ల బువ్వ దిగుతదా? బువ్వ దిగకపోతే పాలెట్ల పడ్తయ్?" అంది. అంతే. తర్వాత ఎన్ని ఫంక్షన్లలో ఎంతమంది ఎగతాళి చేసినా, నవ్వేవాళ్లతో కలిసి తనూ నవ్వింది. వాళ్లలో నేనూ ఉన్నానన్నదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆమె వద్దన్న నిజం చెప్పకపోవడం ఒకటి, ఆమె మీద నవ్వడం ఇంకొకటి. ఆ తేడా తెలియడానికి నాకు ఇంత వయసు రావాల్సి వచ్చింది.

పోయిన వానాకాలం మా అపార్టుమెంటులో నీళ్ల పైపు పగిలింది. మా చివరి గది తడిసింది. కింద ఫ్లాటులో ఉండే ఒడిశా కుర్రాడి ఇంట్లో, జ్వరంతో ఉన్న వాళ్లమ్మ మంచం మీదికే పైకప్పు కారింది. పెద్దమ్మ దగ్గర లేని సదుపాయం నా చేతిలో ఉంది కాబట్టి ముందు ఫోనుతో ఫొటోలు తీసుకున్నాను. తర్వాత నేనే వంగి గది తుడిచి, ఫ్యాను వేసి, కిందికి వెళ్లి వాళ్లను పిలిచాను. తల్లిని పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి ఆ కుర్రాడు మొహమాటపడ్డాడు. "ఆ గది ఊరికే ఖాళీగా ఉంది బాబూ, పండుగకని నిన్ననే కడిగాం" అన్నాను.

గుమ్మంలో నిలబడి ఉన్న నా భార్య విస్తుపోయి నావైపు చూసింది. నేను తుడిచి ఆమె చేతికిచ్చిన మాపు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నేను ఆమెవైపు ఒక చూపు చూశాను. అది నా చూపు కాదు, మా పెద్దమ్మది. నా భార్య మారు మాట్లాడకుండా మాపును తలుపు వెనక్కి జరిపి, ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్లింది.