వణికే చేతి కోసం చేసిన గాజు

మా అన్నయ్య నలభై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాడు. స్టూడియో ముందుగది నాది: ఫ్రేములు, కవర్లు, వచ్చినవాళ్ల నస. వెనకగది ఆయనది. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ "కదలకండి గారు". పెళ్లయినా పాస్‌పోర్టయినా ఆ మాట అననిదే బటన్ నొక్కడు మరి.

అలాంటి మనిషికి రెండేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. నాకు కూడా చెప్పలేదు మహానుభావుడు! చెయ్యి జేబులో దాచుకు తిరిగాడు. ప్రతి ఫోటోకీ స్టాండు వేయడం మొదలుపెట్టాడు. వణుకు తెలియనివ్వని లెన్సులున్నాయని ఎవరో చెబితే పాతది ఒకటి కొన్నాడు. దాన్నీ తీసుకెళ్లి స్టాండు మీదే బిగించాడు.

మొన్న బడిలో గ్రూప్ ఫోటో. హాల్లో వెలుతురు తక్కువ, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వచ్చింది. అరవైమంది పిల్లల మొహాలూ అలికేసినట్టు వచ్చాయి. బడివాళ్లు మర్యాదస్తులు, గురువారం మళ్లీ రమ్మన్నారు. అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"అయిపోయిందే చెల్లీ. బటన్ నొక్కే వేలు కూడా నా మాట వినట్లేదు. కొట్టు మూసేద్దాం."

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. రెక్క పట్టుకుని లెన్సులు బాగుచేసే ఆవిడ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ లెన్సు ముందుభాగం విప్పి, వైరు తగిలించి, అన్నయ్య కుడిచేతిలో పెట్టింది. "లోపలికి చూడండి సార్."

చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద గాజుబిళ్ల, అయస్కాంతాల మధ్య తేలుతోంది! అన్నయ్య చెయ్యి వణికినప్పుడల్లా దానికి విరుగుడుగా అదీ జరుగుతోంది.

"కుదుపు కనిపెట్టే చిప్పుంటుంది. సెకనుకి వందలసార్లు ఈ గాజుని సర్దుతుంది. చెయ్యి కదిలినా బొమ్మ కదలకుండా."

"మరి పిల్లల ఫోటో ఎందుకు తగలడింది?" అన్నాను.

"గాజు సర్దడం ఆపే ఈ మీట నొక్కకుండా స్టాండు మీద పెట్టారా? అయ్యో! ఇది పాతరకం. కుదుపు దొరక్కపోతే, లేనిదాన్ని వెతుక్కుంటూ తనే ఊగుతుంది. తప్పు మీ వేలిది కాదు సార్. చేత్తో తీయండి. దీన్ని చేసిందే వణికే చేతుల కోసం."

అన్నయ్య ఆ గాజు మీంచి చూపు తిప్పుకోలేదు. "దీనికి ఇన్నాళ్లూ నా చెయ్యి నేనే అందనివ్వలేదన్నమాట," అన్నాడు.

గురువారం స్టాండు తీసుకెళ్లలేదు. అరవైమంది ముందు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. ముందువరసలో ఒక పిల్ల గట్టిగా అరిచింది. "తాతగారూ, మీ చెయ్యి కదులుతోంది!"

అన్నయ్య నవ్వాడు.

"నాది కదలనీ తల్లీ. నువ్వు మాత్రం కదలకు. నువ్వు కదిలితే ఈ గాజు కూడా ఏం చెయ్యలేదు."

స్టూడియోకొచ్చి ఫోటో పెద్దది చేసి చూశాం. ఆ పిల్ల ఊడిన పంటి సందు దాకా కనిపించింది. అన్నయ్య లేచి వెళ్లి నాకు టీ తెచ్చాడు, కుడిచేత్తోనే. సగం సాసర్లో ఒలికింది. నేను సాసర్లోది కూడా తాగేశాను.