దాచిన కామెంట్

అమెరికాలో, మేముండే మోరిస్‌విల్‌లో మా ఇళ్ల అసోసియేషన్ ఫేస్‌బుక్ పేజీలో నేనొక కామెంట్ పెట్టాను. నడకదారిలో దీపం వెలగడం లేదని, మా అమ్మ అక్కడ పడి మణికట్టు విరగ్గొట్టుకుందని రాశాను. ఒక్కరూ పలకలేదు. రెండేళ్లపాటు ఆ పేజీ తెరిచినప్పుడల్లా నా కామెంట్ అక్కడే కనిపించేది. చదివి కూడా ఊరుకున్నారని ఇరుగుపొరుగుతో మాటలు మానేశాను.

తర్వాత అదే చీకట్లో పడిన ఒకాయన అసోసియేషన్ మీద కేసు వేశాడు. పేజీలో ఉన్నదంతా భద్రపరచి పంపమని అసోసియేషన్ లాయర్ చెప్పాడు. ప్రెసిడెంట్ తెలుగువాడే. "అన్నా, నువ్వు డేటాబేస్ మనిషివి కదా, కాస్త సేవ్ చేసి పెట్టు" అని నన్ను పేజీకి అడ్మిన్‌ని చేశాడు.

లోపలికి వెళ్లి చూస్తే నా కామెంట్ మసకగా ఉంది. దాన్ని ఎవరో దాచేశారు. అలా దాస్తే రాసినవాడికి, అతని ఫ్రెండ్స్‌కి తప్ప ఎవరికీ కనిపించదట. మా కాలనీవాళ్లెవరూ నా ఫ్రెండ్స్ లిస్ట్‌లో లేరు.

ప్రెసిడెంట్‌కి ఫోన్ చేశాను.

"అప్పుడు రెండు ఇళ్లు సేల్‌కి ఉన్నాయన్నా, బాగోదని నేనే హైడ్ చేశా. డిలీట్ అయితే చేయలేదుగా! నీకు కనిపిస్తూనే ఉందిగా?"

ఫోన్ చెవిన పెట్టుకునే ఆ కామెంట్ కింద ఉన్న తేదీ చూశాను.

"అదొక్కటి లాయర్‌కి పంపే ఫైల్‌లో పెట్టకన్నా, ప్లీజ్" అన్నాడు మళ్లీ.

పెట్టాను. తేదీతో, దాచిన గుర్తుతో సహా సేవ్ చేసి లాయర్‌కి పంపాను. దాచినవాణ్ణి పక్కన పెడితే, కాలనీ తరఫున నా కామెంట్ చదివిన మొదటి మనిషి ఆ లాయరే.